జీవాలామె చేతిలోని చీటీ

పోయిన నెలలో నా బైబిలు సంచి జిప్పు ఊడిపోతే, ప్రొద్దుటూరు బస్టాండు దగ్గరి సందులో బ్యాగులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. కొత్తది కొనుక్కుంటే పోలేదా అని ఇంట్లో వాళ్ళు సణిగారు గానీ, మన వయసు వాళ్ళకు తెలుసు కదా, చేతికి అలవాటైన వస్తువును పారేయాలంటే ప్రాణం ఒప్పదు. ఆయన పాత జిప్పు విప్పుతూ, లోపలి గుడ్డ మడతలోంచి ఒక చిన్న కాగితం బయటికి లాగి, "ఇందులో ఏందో చీటీ ఉండాదమ్మా, పనికొచ్చేదేమో చూసుకో" అని నా చేతిలో పెట్టాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం, పైన పసుపు మరక, మడతల దగ్గర చిరుగు. దాన్ని విప్పకుండానే నాకు అది ఏమిటో తెలిసిపోయింది. ఆయన దుకాణం ముందున్న స్టూలు మీద కూలబడిపోయాను. ఎండ దెబ్బ తగిలిందేమో అనుకుని పాపం ఆయన మంచినీళ్ళు తెప్పించాడు.

ఆ చీటీని అక్కడ దాచింది నేనే. దాచి పదేళ్ళు దాటింది. ఆదివారం ఆదివారం దాన్ని చంకలో పెట్టుకునే గుడికి పోయాను, దాన్ని ఒళ్ళో పెట్టుకునే ప్రసంగాలు విన్నాను. ఇంతకాలం ఎవరికీ చెప్పని మాట, ఇప్పుడు నా ఈడు వాళ్ళు నలుగురు చదివే చోట చెప్పుకుంటే కొంచెమైనా బరువు తగ్గుతుందేమోనని రాస్తున్నాను. తగ్గకపోయినా ఫరవాలేదు, తగ్గాల్సినంత మంచి పని నేనేమీ చేయలేదు.

అప్పట్లో మేము జమ్మలమడుగులో ఉండేవాళ్ళం. నేను ఒక ఎలిమెంటరీ బడిలో టీచరును. మా ముత్తవ్వ కూలిపని చేసుకునే మనిషి, మిషను దొరసానుల వసారాలో ఇసక మీద వేలితో అక్షరాలు దిద్ది, ముప్పై ఏళ్ళు దాటాక చదువు నేర్చుకుందట. ఆ ఇసకలోంచే మా ఇంట్లో ముగ్గురు టీచర్లు, ఒక నర్సు లేచి వచ్చాం. అందుకని మా ఇంట్లో చదువంటే దేవుడి తర్వాత దేవుడంతటిది. ఈ ముత్తవ్వ సంగతి ఊరికే చెప్పడం లేదు, ముందుకు పోతే మీకే అర్థమవుతుంది.

రాష్ట్రం రెండుగా విడిపోయిన కొత్తలో, మా వసారాలో తల్లుల ప్రార్థన కూటం ఒకటి మొదలుపెట్టాను. పిల్లల కోసం, వాళ్ళ బడుల కోసం ప్రార్థించే కూటం. శుక్రవారం సాయంత్రం బడి వదిలాక పద్నాలుగు పదిహేను మంది చేరేవాళ్ళు. మా ప్రార్థనలు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. లెక్కల అయ్యవారు లేని బడికి అయ్యవారిని పంపమనేవాళ్ళం, మరుగుదొడ్డికి తలుపు లేని బడికి తలుపు పెట్టించమనేవాళ్ళం, వానకు కారే తరగతి గదిని గది నంబరుతో సహా దేవుడికి చెప్పేవాళ్ళం. ఒకావిడ అయితే తన కొడుకు సైన్సులో ఏ పాఠం దగ్గర ఆగిపోయాడో కూడా వివరంగా విన్నవించేది.

మా కూటానికి ఒక పద్ధతి ఉండేది. అది నా బుర్రలో పుట్టిందే, దాన్ని చూసుకుని నాకు శానా గర్వంగా కూడా ఉండేది. ప్రతి తల్లీ తన బిడ్డ కోసం ఎటూ ప్రార్థిస్తుంది, అందులో గొప్పేముంది, పక్కవాళ్ళ బిడ్డ కోసం మోకాళ్ళూనితే కదా అది ప్రార్థన అని చెప్పి, పిల్లల పేర్లు ఎర్రసిరాతో చీటీల మీద రాసి, బిస్కెట్ల రేకు డబ్బాలో వేశాను. నెలలో మొదటి శుక్రవారం ఒక్కొక్కరూ ఒక చీటీ తీయాలి. తన బిడ్డ పేరే వస్తే మళ్ళీ డబ్బాలో వేసి ఇంకోటి తీసుకోవాలి. ఎవరికి ఎవరి పేరు వచ్చిందో ఎవరికీ చెప్పకూడదు, అడగకూడదు. ఆ నెలంతా ఆ బిడ్డ కోసం ప్రార్థించాలి, ఒక్కసారైనా ఆ బిడ్డ బడికి పోయి, బిడ్డను పలకరించి, అయ్యవారితో రెండు మాటలు మాట్లాడి రావాలి. నెలాఖరున చీటీ తిరిగి డబ్బాలో వేయాలి. పోయి వచ్చారా అని నేనడిగితే అందరూ చేతులెత్తాలి. అంతే. ఏ నెలలో ఎవరొస్తారో తెలియక పిల్లలు కూడా కొత్త చుట్టం కోసం చూసినట్టు చూసేవాళ్ళు.

ఆ కూటానికి ఊరి బయటి పల్లె నుంచి ఒకామె వచ్చేది. వాళ్ళది గొర్రెలు, మేకలు మేపుకునే కుటుంబం, మన వైపు వాటిని జీవాలంటాం కదా, అందుకని మేమంతా ఆమెను జీవాలామె అనేవాళ్ళం. మా మతం మనిషి కాదు. నుదుటిన రూపాయి బిళ్ళంత బొట్టు, కాళ్ళకు దుమ్ము, చీరకు గొర్రెల వాసన. కూతురు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతుండేది, ఆ పిల్ల స్నేహితురాలి తల్లి ఈమెను పిలుచుకొచ్చింది. యేసయ్యా అనడం ఆమెకు నోరు తిరిగేది కాదు, సామీ అనేది. మా వాళ్ళలో ఒకరిద్దరు మొదట్లో మూతి తిప్పుకున్నారు. ఆ తర్వాత ఒకావిడ కొడుకు పులివెందుల హాస్టలు నుంచి పారిపోయి, నాలుగు రోజులు ఆచూకీ లేకుండా పోయి, ఐదో రోజు తనంతట తానే ఇంటికొచ్చాడు. ఆ నెల ఆ పిల్లవాడి చీటీ ఎవరిదని ఆరా తీస్తే, నియమం తప్పి అందరూ నోరు విప్పేశారు, అది జీవాలామె దగ్గరుందని తేలింది. అంతే, ఆమె చేతికి చీటీ పడితే పిల్లోడు గట్టెక్కినట్టేనని మా తల్లులందరికీ నమ్మకం కుదిరిపోయింది. డబ్బాలో ఆమె చేయి పెడుతుంటే పద్నాలుగు మందీ ఊపిరి బిగపట్టేవాళ్ళు. నేను కూడా.

ఆమెకు చదువు రాదు. చీటీ తీయగానే గబగబా నా దగ్గరికొచ్చి, మడత విప్పి చూపించి, చెవి నా నోటి దగ్గర పెట్టి, "ఎవురి పేరొచ్చింది టీచరక్కా?" అని అడిగేది. నేను చెవిలో చెప్పేదాన్ని. ఆమె తల ఊపి, చీటీని కొంగు చివర ముడేసుకుని, ఆ ముడిని కళ్ళకద్దుకునేది.

నాకు ఒక్కతే కూతురు, ఆలస్యంగా పుట్టింది. అది కూడా అదే ఏడు పదో తరగతి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు రావాలని నాకు ఒకటే తపన. అక్కడ సీటొస్తే ఆరేళ్ళ చదువు, హాస్టలుతో సహా నిశ్చింత. సీట్లు మార్కులను బట్టి, మా పిల్లకేమో లెక్కలంటే జ్వరం. జూలై నెలలో జీవాలామె చీటీ తెచ్చి చెవి పెట్టింది. అందులో మా సందు చివరి ఇంటావిడ కొడుకు పేరుంది. నేను మా అమ్మాయి పేరు చెప్పాను.

ముందుగా అనుకుని చేసిన పని కాదని చెప్పుకోవాలని ఉంది. నిజమేమిటో నాకే తెలియదు. నోరు పలికేసింది, ఆమె తల ఊపేసింది, కొంగున ముడి పడిపోయింది. ఆ రాత్రి మనసు పీకి, ఆ పిల్లవాడి కోసం నేనే ప్రార్థన చేశాను, వాడి బడికి కూడా పోయి పలకరించి వచ్చాను. లెక్క సరిపోయిందిలే, ఎవరికీ అన్యాయం జరగలేదులే అని నన్ను నేను సముదాయించుకున్నాను. దొంగతనం అలవాటైన చేయి లాగా ఆగస్టులో మళ్ళీ అదే చేశాను. సెప్టెంబరులో, అక్టోబరులో కూడా. జీవాలామె నెలనెలా మా అమ్మాయి బడికి నడిచిపోయి, గేటు దగ్గర నిలబడి, గుప్పెడు శనక్కాయలు దాని చేతిలో పోసి, తల నిమిరి వచ్చేది. ఎవరొచ్చినా ప్రతిసారీ ఆమె కూడా వస్తోందేమమ్మా అని మా అమ్మాయి అడిగితే, నీ అదృష్టమే తల్లీ అన్నాను. బడిలో పిల్లలు అబద్ధమాడితే గోడకుర్చీ వేయించిన టీచరును నేను.

అది చలి మొదలైన నెల. జీవాలామె చీటీ తెచ్చి నా ముందు విప్పింది. ఎర్రసిరాతో నేను రాసిన అక్షరాలే, నాలుగక్షరాల పేరు, పదో తరగతి, జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల. ఆమె కూతురి పేరు. సొంత బిడ్డ చీటీ తీసింది ఆమె. నియమం ప్రకారం నేను చెప్పాల్సింది ఒక్క ముక్క, ఇది నీ బిడ్డదే, డబ్బాలో వేసి ఇంకోటి తీసుకో అని. ఆమె చెవి నా నోటి దగ్గరే ఉంది. చెవికి వేసుకున్న పాత దుద్దు, దాని పక్కన ఇరుక్కున్న గడ్డిపోచ ఇప్పటికీ నా కళ్ళ ముందున్నాయి. నేను మా అమ్మాయి పేరే చెప్పాను.

చెప్పి, ఈమె కూతురి బడికి నేనే పోయి వస్తాలే అనుకున్నాను. మా బడి నుంచి ఆ బడికి నడిస్తే పదిహేను నిమిషాలు. ఒక వారం పరీక్ష పేపర్లు దిద్దాలన్నాను, ఒక వారం మా అమ్మాయికి ట్యూషన్ అన్నాను, ఒక వారం ముసురు పట్టిందన్నాను. అసలు సంగతి కూడా చెప్పేస్తాను, ఇంత చెప్పాక ఇంకా దాచడమెందుకు. ఆ పిల్ల లెక్కల్లో గట్టిదని వినేదాన్ని. దానికి చెడు జరగాలని నేనెన్నడూ కోరుకోలేదు, అంత పాపిష్టిదాన్ని కాను. కానీ దాని కోసం కాలు కదపాలన్న తొందర నాకు లేదు. నెలాఖరున, అందరూ పోయి వచ్చారా అని అడిగి, అందరికంటే ముందు నేనే చేయెత్తాను.

ఆ నెలలో జరిగింది ఇది. పదో తరగతి పరీక్షకు పిల్లల వివరాలు కంప్యూటరులోకి ఎక్కిస్తుంటే, ఆ పిల్ల పుట్టినరోజు బడి రిజిస్టరులో ఒక తీరుగా, ఆధార్ కార్డులో ఇంకో తీరుగా ఉందని తేలింది. పెద్దవాళ్ళెవరైనా వచ్చి, ఒక అర్జీ రాసి సంతకం పెడితే సరిచేస్తామని కాగితం ఇచ్చి పంపారు. తండ్రి జీవాలను తోలుకుని కర్నూలు వైపు మేపుకు పోయి ఉన్నాడు. పిల్ల తల్లికి చూపిస్తే, తల్లికి అందులో ఒక్క అక్షరం తెలియదు. అయినా ఆమెకు బెంగ లేదు. కూటంలో ఎవరి దగ్గరో తన బిడ్డ చీటీ ఉంది, ఆ మనిషి ఈ నెలలో బడికి వచ్చి తీరుతుంది. ఎవరని అడగడం తప్పు కదా, నియమం కదా, అందుకని మమ్మల్నెవర్నీ అడగలేదు. కూతురికి మాత్రం ధైర్యం చెప్పింది, "నీ చీటీ వచ్చినామె వస్తాది. సదువుకున్నామే అయింటాది, ఆమెకు చూపీ" అని. ఆ పిల్ల కాగితాన్ని జామెట్రీ బాక్సులో పెట్టుకుని, ఇంటర్వెల్ గంట కొట్టినప్పుడల్లా గేటు వైపు చూసిందట. అయ్యవారు రెండుసార్లు గుర్తు చేస్తే, మా ఆంటీ వస్తుంది సార్ అందట. గడువు దాటిపోయింది. పేరు లేకుండానే జాబితా వెళ్ళిపోయింది.

ఇదంతా నాకు ఆ నెలాఖరు కూటంలోనే, అందరం చేతులు దించాక, ఆమె నోటనే తెలిసింది. ఏడవలేదు ఆమె. పాపం ఎవురికి ఏం కష్టమొచ్చి పోలేకపోయిందో, చీటీ వచ్చినామెను ఎవరూ ఏమనొద్దండక్కా అని పైనుంచి మా అందరికీ చెప్పింది. నేల చీలి లోపలికి తీసుకుంటే బాగుండునని ఊరికే అనే మాట కాదని ఆ రోజు తెలిసింది. ఆమె కొంగు ముడి విప్పి, నెల రోజులు మోసిన చీటీని, అలవాటు ప్రకారం డబ్బాలో వేయమని నా చేతికిచ్చింది. తన బిడ్డ పేరది. ఎక్కడో పొలాల్లో, గొర్రెల వెనక నడుస్తూ, దాన్ని కళ్ళకద్దుకుని మా అమ్మాయి కోసం మొక్కిన కాగితమది. దాన్ని డబ్బాలో వేయడానికి నాకు చేయి రాలేదు. సంచి లోపలి గుడ్డకు చిన్న చిరుగుంటే అందులోకి తోసేశాను. ఆ డబ్బాలోకి ఆ పిల్లకు కొత్త చీటీ రాసి వేశాను.

అప్పటికైనా ఆ బడికి పరుగెత్తాను, పెద్దయ్యవారిని బతిమాలాను, అర్జీలు రాశాను. ఆయన మంచివాడే, ఫోన్లు కూడా చేశాడు, కానీ చేయి దాటిపోయిందన్నాడు. టీచరమ్మా, ఈ పిల్ల మీకేమవుతుందని ఆయన అడిగితే, ఇంకో అర్జీ రాయడానికి తెల్లకాగితం ఇవ్వమన్నాను.

మా అమ్మాయికి ఆ ఏడు మంచి మార్కులొచ్చాయి, ఇడుపులపాయలో సీటొచ్చింది. మొట్టమొదట సంతోషపడింది జీవాలామే. మీ సామి నా మొర ఇన్నాడక్కా అని నా చేతులు పట్టుకుంది. ఇప్పుడు మా అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. దాని ఫోన్ వచ్చినప్పుడల్లా సంతోషంతో పాటు ఒక ముల్లు కూడా కదులుతుంది. దానికి ఈ సంగతి తెలియదు, ఇది చదివితే తెలుస్తుంది.

జీవాలామె కూతురు ఏడాది ఇంట్లో కూర్చుంది. మరుసటి ఏడు ప్రైవేటుగా రాసి పాసయింది గానీ, అప్పటికే ఇంటి పరిస్థితులు మారిపోయి, చదువు దూరం జరిగి, ఇడుపులపాయ మాట మాటగానే మిగిలిపోయింది. ఆ ఖాళీ ఏడాదిలో ఆ పిల్ల చేసిన పని ఒకటుంది. ఇంట్లో ఊరికే కూర్చోలేక తల్లికి పలక కొనిచ్చి అక్షరాలు నేర్పింది. అంతకుముందు ఎన్నోసార్లు ఆ తల్లి నన్ను అడిగింది, నా బిడ్డ పేరు ఎట్లుంటాదో రాసి చూపించక్కా అని. సెలవుల్లో చూద్దాంలే అనేదాన్ని. ఇసకలో అక్షరాలు దిద్దిన ముత్తవ్వ మునిమనవరాలిని, నేను చూపించలేదు. ఎందుకు చూపించలేదో మీకు చెప్పనక్కర్లేదు.

ఒక శుక్రవారం ఆమె మొహం వెలిగిపోతూ వచ్చి, "ఇంగ నీకు శ్రమ లేదులే టీచరక్కా, నా చీటీ నేనే సదువుకుంటా" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇక దొరికిపోయేదేమీ లేదు, పాత చీటీ నా సంచిలో భద్రంగా ఉంది, అయినా ఆమె చీటీ విప్పి తనంతట తాను చదివే దృశ్యాన్ని నేను చూడలేననిపించింది. ఆ వారమే, చీటీలు పాతకాలపు పద్ధతి, ఇక అందరం కలిసి అందరి పిల్లల కోసం ప్రార్థన చేద్దాం అని తీర్మానించేశాను. పెద్దదాన్నని ఎవరూ ఎదురు చెప్పలేదు. చీటీలు పోయాక బడులకు పోవడమూ పోయింది. నెమ్మదిగా మనుషులు తగ్గారు. నేను రిటైరై ప్రొద్దుటూరు చేరాక ఆ వసారా కూటం ముగిసిపోయింది.

జిప్పు కుట్టించుకున్న మూడో రోజు పులివెందుల బస్సెక్కి, అక్కడ దిగి ఇంకో బస్సులో వేముల పోయాను. జీవాలామె కూతుర్ని ఆ వైపు ఊరికిచ్చారు, ఇప్పుడు అంగన్‌వాడీలో పిల్లలకు అక్షరాలు దిద్దిస్తోందట. తల్లి కూడా అక్కడే ఉంటోంది. నేను పోయేసరికి వాకిట్లో కూర్చుని శనక్కాయలు వొలుస్తోంది. జుట్టు నెరిసింది, బొట్టు మాత్రం అదే. నన్ను చూసి ఎంత సంబరపడిందంటే, ఏమీ చెప్పకుండా కాఫీ తాగి వెనక్కి వచ్చేద్దామని ఒక్క క్షణం అనిపించింది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం కాదు, కాఫీ తాగినంతసేపూ అనిపించింది.

చివరికి చీటీ తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె చేతులు తుడుచుకుని, మడతలు విప్పి, వేలు ఆనించి ఒక్కొక్క అక్షరమే చదివింది. నాలుగక్షరాలూ చదివి, "ఇది నా బిడ్డ పేరు గదా" అని నవ్వింది. అప్పుడు నేను జరిగిందంతా చెప్పాను. జూలై నుంచి చెప్పాను. తల వంచుకుని చెప్పాను కాబట్టి ఆమె నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నేను చూడలేదు. నేను ముగించాక ఆమె చీటీని ఇంకోసారి వేలు ఆనించి చదువుకుంది. తిట్టింటే బాగుండేది. తిడుతుందని, ఏడుస్తుందని, పొమ్మంటుందని దారి పొడుగునా ఊహించుకుని పోయాను. ఆమె నన్ను అడిగింది ఇది.

"చేతిలో నా బిడ్డ పేరు పెట్టుకోని, నోటితో నీ బిడ్డ కోసరం అడిగితిని. సామి ఏది సూసింటాడు టీచరక్కా, నా చెయ్యా, నా నోరా?"

నలభై ఏళ్ళు వాక్యం చదివినదాన్ని, వందమందికి ప్రార్థన నేర్పినదాన్ని నేను. చీటీ తిరిగి ఇస్తుందేమోనని చేయి చాచాను. ఆమె ఇవ్వలేదు. పాత అలవాటు ప్రకారం కొంగు చివర ముడేసుకుంది. "ఇది నా కాడనే ఉండనీ. ఆ నెల దీనికి ఎవురూ ప్రార్థన చేయలే కదా" అని, మళ్ళీ శనక్కాయలు వొలవడంలో పడింది. బస్సు ఎన్నింటికని మాత్రం అడిగింది. మా అమ్మాయి చేతిలో ఎప్పుడూ పోసే గుప్పెడు శనక్కాయలు ఈసారి నా చేతిలో పోయలేదు. అది న్యాయమే.

ఇప్పుడు మా ప్రొద్దుటూరులోనూ తల్లుల కూటం ఉంది, ఫోన్లో. పరీక్షల కాలం వస్తే పిల్లల హాల్‌టికెట్ల ఫొటోలు పెడతారు, కింద జోడించిన చేతుల బొమ్మలు వరసగా వచ్చి పడతాయి. ఏ పిల్ల ఏ బడిలో చదువుతోందో ఎవరికీ తెలియదు, ఏ గేటు దగ్గరా ఎవరూ నిలబడరు. మా ఈడు ఆడవాళ్ళు ఆదివారం గుడి బయట చెప్పులేసుకుంటూ, ఆ కాలపు భక్తి ఏదమ్మా, చీటీ తీసి బడి దాకా నడిచిపోయే రోజులు ఏవమ్మా, ఈ ఫోన్లొచ్చి అన్నీ పాడైపోయాయి అని నిట్టూరుస్తారు. నేను కూడా తల ఊపేదాన్ని. వేముల పోయి వచ్చినప్పటి నుంచి ఊపడం లేదు. ఫోన్లు రాకముందే ఆ డబ్బాకు మూత పెట్టింది ఎవరో నాకు తెలుసు.